వాయు నాణ్యత నమూనాలు: టికియాపారా, హౌరా ప్రాంతం ఆధారంగా ఒక పరిశీలన

వాయు నాణ్యత నమూనా అంటే ఒక ప్రాంతపు గాలిలో కలిసే పొగ, ధూళి, వాయువులు ఎక్కడ పుట్టి, ఎటు కదిలి, దారిలో ఏ మార్పులు చెంది, చివరికి నేల దగ్గర ఎంత మోతాదులో నిలుస్తాయో భౌతిక, రసాయన సూత్రాల ప్రకారం లెక్కకట్టే కంప్యూటర్ ప్రోగ్రాం. వాడుకలో దీన్ని మోడల్ అనే అంటారు. కొలిచే యంత్రం తాను ఉన్న చోట, ఆ గంటలో ఉన్న గాలి సంగతి మాత్రమే చెబుతుంది. యంత్రం లేని చోట కాలుష్యం ఎంత ఉందో, రేపు ఎంత ఉండబోతోందో, ఫలానా పొగను ఆపితే ఎంత తగ్గుతుందో నమూనా చెప్పగలదు. ఈ మూడో ప్రశ్నకు ముందుగానే జవాబు చెప్పగల సాధనం మరొకటి లేదు. విధానాలు నిర్ణయించేవారికి నమూనా అవసరమయ్యేది అక్కడే.

ఈ నమూనాల బలం, బలహీనత రెండూ కనిపించే చోటు టికియాపారా. కోల్‌కతా మహానగర ప్రాంతంలో, హుగ్లీ నదికి పడమటి ఒడ్డున, హౌరా నగరంలో ఉంది. హౌరా నుంచి ఖరగ్‌పూర్ వైపు బయలుదేరిన ఆగ్నేయ రైల్వే లోకల్‌కు తగిలే మొదటి స్టేషన్ ఇదే. ఆంధ్ర తీరం వెంట వచ్చి హౌరా చేరే రైళ్లు కూడా ఈ స్టేషన్ దాటాకే ప్లాట్‌ఫారం ఎక్కుతాయి కాబట్టి చాలామంది తెలుగు ప్రయాణికులు పేరు తెలియకుండానే ఈ పేటను చూసి ఉంటారు. పట్టాల పక్కన లోకల్ రైళ్ల కార్‌షెడ్డు, దాన్ని ఆనుకుని ఇరుకు సందుల బస్తీలు, బెలిలియస్ రోడ్డు వెంట లేత్ షాపులు, చిన్న ఫౌండ్రీలు, ఇంకొంచెం పడమరకు దాస్‌నగర్ ఇంజనీరింగ్ కర్మాగారాలు. ఇళ్లూ పనిశాలలూ ఒకే గోడను పంచుకునే ఇలాంటి పేటలో జనం ఏ గాలి పీలుస్తున్నారో లెక్కకట్టడం ఏ నమూనాకైనా గట్టి పరీక్షే.

రింగెల్‌మన్ పటం నుంచి సమీకరణాల దాకా

ఈ జంట నగరాల పొగ మీద ప్రభుత్వం కన్ను పడి చాలా కాలమైంది. కలకత్తా, హౌరాల పొగ బెడదను అదుపు చేయడానికి 1863లోనే ఒక చట్టం వచ్చింది. దాన్ని మరింత కట్టుదిట్టం చేస్తూ 1905లో బెంగాల్ పొగ బెడద చట్టం చేశారు. అమలు చూసుకోవడానికి ఒక కమిషన్‌ను, ఇన్‌స్పెక్టర్లను నియమించారు. ఆ ఇన్‌స్పెక్టర్ల చేతిలో ఉన్న సాధనం రింగెల్‌మన్ పటం. ఫ్రెంచి ఇంజనీరు మాక్సిమిలియన్ రింగెల్‌మన్ 1888 ప్రాంతంలో తయారుచేసిన ఈ పటంలో తెలుపు నుంచి నలుపు దాకా చిక్కదనం పెరుగుతూ పోయే గళ్లు ఉంటాయి. మిల్లు పొగగొట్టం వైపు చూసి, పొగ రంగు ఏ గడితో సరిపోతుందో ఆ అంకె రాసుకునేవారు.

అది పొగగొట్టం గురించి కొంత చెప్పేది. ఆ పొగ గాలివాటున పోయి ఎవరి ఇంట్లో ఎంత దిగుతుందో చెప్పేది కాదు. ఆ లెక్కకు దారి 1930లలో బ్రిటిష్ శాస్త్రవేత్త ఆలివర్ సటన్ కృషితో తెరుచుకుంది. గాలిలోని సుడులు పొగను పక్కలకూ పైకీ కిందికీ ఎలా విస్తరింపజేస్తాయో ఆయన గణితంలో చూపారు. 1961లో ఫ్రాంక్ పాస్‌క్విల్ గాలివేగం, ఎండ తీవ్రత, రాత్రి మబ్బు అనే మామూలు పరిశీలనల ఆధారంగా వాతావరణాన్ని ఆరు స్థిరత్వ తరగతులుగా విభజించడంతో ఆ గణితం ఇంజనీర్ల చేతికి అందింది. పొగచార మధ్యలో చిక్కగా, అంచులకు పోయేకొద్దీ పలచగా, గంట ఆకారపు వక్రరేఖలో పరుచుకుంటుందని భావించే ఈ పద్ధతికి గాసియన్ ప్లూమ్ నమూనా అని పేరు. అమెరికా పర్యావరణ సంస్థ 2005లో అధికారిక నమూనాగా స్వీకరించిన ఏర్‌మాడ్ ఈ కోవలోదే. భారతదేశంలో కొత్త కర్మాగారాల పర్యావరణ ప్రభావ నివేదికల్లోనూ ఇది తరచూ కనిపిస్తుంది.

ఒక్క పొగగొట్టం ప్రభావం చూడాలంటే ఇది చాలు. అయితే దీని పరిధి 50 కిలోమీటర్ల లోపే. వాయువులు రేణువులుగా మారే రసాయన చర్యలను ఇది దాదాపు పట్టించుకోదు. వేల చిన్న మూలాలు, వందల కిలోమీటర్ల నుంచి కొట్టుకొచ్చే ధూళి కలగలిసిన హౌరా లాంటి చోట ప్రాంతీయ నమూనా కావలసిందే.

గడుల లెక్క

ప్రాంతీయ నమూనా వాతావరణాన్ని చిన్నచిన్న పెట్టెలుగా, అంటే గడులుగా విడగొడుతుంది. ప్రతి గడిలోనూ ప్రతి పదార్థానికీ ఒకే రకం జమాఖర్చు: పక్క గడి నుంచి గాలి మోసుకొచ్చింది ఎంత, సుడుల వల్ల కలిసింది ఎంత, నేల మీది మూలాల నుంచి కొత్తగా చేరింది ఎంత, రసాయన చర్యల్లో పుట్టింది ఎంత, పోయింది ఎంత, వానకు కడుక్కుపోయింది ఎంత, తనంతట తాను నేలకు దిగింది ఎంత. కొద్ది సెకన్లకొకసారి ఈ లెక్క మళ్లీ మొదటి నుంచి జరుగుతుంది.

ఈ పని భారం ఒక ఉదాహరణతో తేలిగ్గా అర్థమవుతుంది. హౌరా, కోల్‌కతాలను మధ్యలో ఉంచి వంద కిలోమీటర్ల పొడవు, వంద కిలోమీటర్ల వెడల్పు ప్రదేశాన్ని ఒక్క కిలోమీటరు గడులుగా, ఎత్తులో 30 పొరలుగా విడగొడితే 3 లక్షల గడులు అవుతాయి. ఒక్కో గడిలో దాదాపు వంద పదార్థాల లెక్క ఉంచాలి. ఒక అడుగు కాలంలో గాలి గడిని దాటిపోతే లెక్క చెడిపోతుంది కాబట్టి గడి చిన్నదయ్యేకొద్దీ కాలపు అడుగు కూడా కుదించాలి. విస్తృతంగా వాడే డబ్ల్యూఆర్‌ఎఫ్ వాతావరణ నమూనాలో కిలోమీటర్లలో గడి పొడవుకు ఆరు రెట్లు సెకన్లు అన్నది పాటించే లెక్క. మూడు కిలోమీటర్ల గడికి 18 సెకన్లు, అంటే రోజుకు 4,800 అడుగులు; ఒక కిలోమీటరు గడికి 6 సెకన్లు, రోజుకు 14,400 అడుగులు. గడి పొడవు మూడో వంతుకు తగ్గితే గడుల సంఖ్య తొమ్మిది రెట్లు, అడుగులు మూడు రెట్లు, మొత్తం పని 27 రెట్లు. సూపర్ కంప్యూటర్లు అవసరమయ్యేది ఇందుకే.

అందుకే దేశమంతటినీ ఒకే సన్నని గడుల్లో లెక్కించరు. దక్షిణాసియా మొత్తానికి 27 కిలోమీటర్ల గడులు, వాటి లోపల తూర్పు భారతానికి 9, ఇంకా లోపల దక్షిణ బెంగాల్‌కు 3, చివరికి నగరానికి 1 కిలోమీటరు — ఇలా ఒకదానిలో ఒకటి పొదిగి నడుపుతారు. బయటి గడుల ఫలితం లోపలి గడుల సరిహద్దుల వద్ద ప్రవేశించే గాలి అవుతుంది. అన్నిటికన్నా బయటి సరిహద్దుకు యూరప్‌కు చెందిన క్యామ్స్ వంటి ప్రపంచ నమూనాల ఫలితాలు వాడతారు.

ప్రాంతీయ నమూనాల్లో ప్రసిద్ధమైనవి కొన్ని ఉన్నాయి. అమెరికా పర్యావరణ సంస్థ 1998లో తొలిసారి విడుదల చేసిన సీమ్యాక్, వాతావరణాన్నీ రసాయన చర్యలనూ కలిపి ఒకేసారి లెక్కించే డబ్ల్యూఆర్‌ఎఫ్-కెమ్, ఏ మూలం వాటా ఎంతో గుర్తుపెట్టుకుంటూ లెక్కించగల సీఏఎంఎక్స్, ఫ్రాన్స్‌కు చెందిన షిమేర్, ఫిన్లాండ్ వాతావరణ సంస్థ రూపొందించిన సిలామ్. డబ్ల్యూఆర్‌ఎఫ్-కెమ్‌కు ఒక ప్రత్యేకత ఉంది: పొగ ఎండను అడ్డుకుని నేలను చల్లబరిస్తే, దానివల్ల గాలి కలగలుపు తగ్గి పొగ ఇంకా చిక్కబడే పరిణామాన్ని కూడా అది లెక్కలోకి తీసుకోగలదు. చలికాలపు గంగా మైదానంలో ఇది చిన్న విషయం కాదు.

పైకప్పు ఎత్తు

ఒకే పొగ మధ్యాహ్నం పలచబడి రాత్రికి ఉక్కిరిబిక్కిరి చేయడానికి ముఖ్య కారణం మిశ్రమ పొర ఎత్తు. నేల నుంచి లేచిన గాలి స్వేచ్ఛగా కలగలిసే మందాన్ని మిశ్రమ పొర అంటారు. ఎండ వేడికి ఇది వెయ్యి మీటర్లకు పైగా పెరుగుతుంది. చలికాలపు రాత్రి నేల చల్లబడి, పైగాలి వెచ్చగా మిగిలిపోయినప్పుడు, మరిగే గిన్నె మీద మూత పెట్టినట్టు, ఇది రెండు మూడు వందల మీటర్లకు, ఒక్కోసారి ఇంకా కిందికి కుంచించుకుపోతుంది.

టికియాపారా చుట్టూ 5 కిలోమీటర్ల చదరాన్ని ఒకే పెట్టె అనుకుని, చదరపు మీటరుకు సెకనుకు ఒక మైక్రోగ్రాము చొప్పున సూక్ష్మ రేణువులు పుడుతున్నాయని లెక్క కోసం అనుకుందాం. మొత్తం మీద అది గంటకు 90 కిలోలు. జనవరి రాత్రి మిశ్రమ పొర 200 మీటర్లు, గాలి సెకనుకు ఒక మీటరు ఉంటే ఈ పొగ గాలిలో ఘనపు మీటరుకు 25 మైక్రోగ్రాములు పెంచుతుంది. మధ్యాహ్నం పొర 1,200 మీటర్లకు పెరిగి, గాలి సెకనుకు 3 మీటర్లు వీస్తే అదే పొగ పెంచేది 1.4 మైక్రోగ్రాములే. పొగ ఒక్క గ్రాము కూడా మారకుండా ఫలితం 18 రెట్లు మారింది. రాత్రి పొర ఎత్తును నమూనా 200కు బదులు 400 మీటర్లుగా అంచనా వేస్తే చాలు, కాలుష్యం సగానికి పడిపోయినట్టు కనిపిస్తుంది. నిలకడగా ఉన్న గాలిని లెక్కించడం నమూనాలకు కష్టం కాబట్టి పెద్ద తప్పులు చాలావరకు ఇక్కడే దొర్లుతాయి. ఈ ప్రాంతంలో పైగాలిని నేరుగా కొలిచేది డమ్‌డమ్ నుంచి ఎగరేసే వాతావరణ బెలూన్. ఆ కొలతలు లేకపోతే నమూనా చూపిన పొర ఎత్తు నిజమో కాదో తేల్చుకునే దారే ఉండదు.

ఋతువులను బట్టి కథ మారుతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వాయవ్యం నుంచి, ఉత్తరం నుంచి బలహీనమైన గాలులు వస్తాయి. మార్చి తరవాత సముద్రం మీది దక్షిణ, నైరుతి గాలులు బలపడతాయి. కాలబైశాఖి గాలివానలు గంటలో ఆకాశాన్ని కడిగేస్తాయి. వానాకాలంలో రేణువులు నేలపాలవుతాయి. ఏడాది సగటు తీసిన అంకె ఈ తేడాలన్నిటినీ దాచేస్తుంది. ఆసుపత్రులు నిండేది సగటు రోజున కాదు, గాలి ఆగిపోయిన రోజుల్లో.

ఉద్గారాల పట్టిక

ఎంత గొప్ప సమీకరణాలున్నా ఎక్కడ, ఎప్పుడు, ఎంత పొగ పుడుతోందో చెప్పే పట్టిక లేకుండా నమూనా నడవదు. దీనికి మూల సూత్రం సులువైనదే: జరిగిన పని పరిమాణాన్ని, పని యూనిట్‌కు వెలువడే కాలుష్యంతో (దీన్ని ఉద్గార గుణకం అంటారు) గుణించి, అదుపు యంత్రాలు పట్టుకున్న భాగాన్ని తీసేయాలి. వాహనాలకైతే నడిచిన కిలోమీటర్లు, పొయ్యికైతే కాలిన బొగ్గు, విద్యుత్ కేంద్రానికైతే ఉత్పత్తి చేసిన యూనిట్లు. యూరోపియన్ కమిషన్ వారి ఎడ్గార్, జపాన్ పరిశోధకుల రియాస్, ఐఐటీ బొంబాయి సారథ్యంలో తయారైన స్మాగ్-ఇండియా ఇలాంటి పెద్ద పట్టికలు.

పెద్ద పట్టికలు పెద్ద మూలాలను బాగానే పట్టుకుంటాయి. బజ్‌బజ్‌లోని 750 మెగావాట్ల విద్యుత్ కేంద్రమో, కోలాఘాట్ థర్మల్ కేంద్రమో ఎక్కడున్నాయో, ఎంత బొగ్గు కాల్చాయో రికార్డులున్నాయి. టికియాపారా లాంటి పేటలో చిక్కంతా చిన్న మూలాలతో. ఒక ఫౌండ్రీని దగ్గరగా చూస్తే ఇది తెలుస్తుంది.

హౌరా ఫౌండ్రీల్లో ఇనుము కరిగించే సంప్రదాయ కొలిమి కుపోలా. నిలువు గొట్టం లాంటి ఈ కొలిమిలో కోక్ బొగ్గు, దుక్క ఇనుము, పాత ఇనుప తుక్కు, సున్నపురాయి పొరలు పొరలుగా వేసి, కింది నుంచి బ్లోయర్‌తో గాలి ఊదుతారు. కోక్ ధూళి, బూడిద, ఆక్సైడ్ రేణువులు, గంధకపు వాయువు పైకి పోతాయి. చిన్న ఫౌండ్రీలో కుపోలా రోజూ మండదు. ఇసుక అచ్చులు సరిపడా సిద్ధమైన రోజే వెలిగిస్తారు. పోత కొద్ది గంటల్లో ముగుస్తుంది. పట్టికలో మాత్రం దీని ఏడాది పొగను 365 రోజులకు, రోజుకు 24 గంటలకు సమానంగా పంచేస్తారు. పోత మధ్యాహ్నం రెండింటికి జరిగితే పొగ ఎత్తైన మిశ్రమ పొరలో పలచబడుతుంది. చలికాలం సాయంత్రం ఏడింటికి జరిగితే ఆ సందుల్లోనే నిలిచిపోతుంది. ఏడాది మొత్తం ఒకటే అయినా మనిషి పీల్చేది ఒకటి కాదు. ఈ తేడా పట్టుకోవాలంటే ఏ ఫౌండ్రీ ఏ రోజుల్లో, ఏ వేళల్లో పోత పోస్తుందో వెళ్లి అడిగి తెలుసుకోవాలి.

సాంకేతిక మార్పు వల్ల పట్టిక పాతబడిపోతుందనడానికీ హౌరాలోనే మంచి సాక్ష్యం ఉంది. ఇంధన పరిశోధన సంస్థ టెరి, స్విట్జర్లాండ్ అభివృద్ధి సంస్థ సహకారంతో, 1998లో హౌరాలోని భారత్ ఇంజనీరింగ్ వర్క్స్‌లో రెండు వరసల్లో గాలి ఊదే కుపోలాను, దానికి పొగను నీటితో కడిగే వెంచురీ స్క్రబ్బర్‌ను ఏర్పాటు చేసింది. కోక్ వాడకం బాగా తగ్గింది. పొగలో రేణువులు ఘనపు మీటరుకు 150 మిల్లీగ్రాముల పరిమితి కంటే చాలా దిగువకు వచ్చాయి. ఇలాంటి కొలిమికి పాత కుపోలా గుణకం వాడినా, పాతదానికి కొత్త గుణకం వాడినా నమూనా అబద్ధమే చెబుతుంది. విద్యుత్ ఇండక్షన్ కొలిమికి మారిన ఫౌండ్రీలకు మరో గుణకం కావాలి.

కార్‌షెడ్డు సంగతి వేరు. లోకల్ రైళ్లు విద్యుత్తుతో నడుస్తాయి కాబట్టి పొగ లేదు. అయినా బ్రేకులు, చక్రాలు, పట్టాలు అరగడం వల్ల ఇనుము కలిసిన రేణువులు గాలిలోకి లేస్తాయి. ఇవి చాలా పట్టికల్లో ఉండవు. బస్తీల్లో గ్యాస్ వాడకం పెరిగినా, టీ కొట్లు, కచోరీ దుకాణాల ముందు ఇప్పటికీ బొగ్గు పొయ్యిలు కనిపిస్తాయి. ఉనూన్ అనే ఈ పొయ్యిని కట్టె, పిడకలతో రాజేసే మొదటి అరగంటలోనే పొగ ఎక్కువ. తరవాత నిప్పు కణకణలాడుతున్నప్పుడు చాలా తక్కువ. కాలిన బొగ్గు తూకంతో మాత్రమే లెక్కకడితే ఆ మొదటి అరగంట కనిపించదు. వీధి చివర తగలబెట్టే చెత్త, హౌరా నగర చెత్త ఏళ్ల తరబడి పోగుపడిన బెల్గాచియా దిబ్బ మీద రగిలే మంటలు, కాళీపూజ రాత్రి బాణసంచా కూడా ఇంతే. చిన్నవి కాబట్టి వదిలేస్తారు. కానీ ఊపిరి అందేంత ఎత్తులో, జనం మధ్యే పుడతాయి కాబట్టి ఎత్తైన పొగగొట్టం కంటే వీటి హాని టన్నుకు ఎంతో ఎక్కువ.

వాహనాల లెక్క కొంత మెరుగు. కలకత్తా హైకోర్టు ఆదేశాల తరవాత 2009లో పాత వాణిజ్య వాహనాలు, రెండు స్ట్రోకుల ఆటోలు రోడ్డు దిగాయి. 2020 ఏప్రిల్ నుంచి వాహనాల పొగకు బీఎస్-6 ప్రమాణాలు వచ్చాయి. అయితే రోడ్డు మీద పేరుకున్న దుమ్మును టైర్లు పదేపదే లేపడం ఆగలేదు. ముతక రేణువుల్లో దాని వాటా పెద్దది.

దూరపు ధూళి, కంటికి కనిపించని పుట్టుక

టికియాపారాలో పీల్చే పీఎం 2.5, అంటే 2.5 మైక్రాన్లు, అంతకన్నా చిన్న రేణువులు, అన్నీ అక్కడ పుట్టినవి కావు. చాలా భాగం పొగగొట్టం నుంచి రేణువుగా వెలువడినవి కూడా కావు. బొగ్గు కాలినప్పుడు వచ్చే సల్ఫర్ డయాక్సైడ్ గాలిలో సల్ఫేటుగా మారుతుంది. వాహనాల నైట్రోజన్ ఆక్సైడ్లు నైట్రిక్ ఆమ్లమై, పొలాల యూరియా నుంచి, పశువుల పేడ నుంచి, మురుగు కాలువల నుంచి లేచే అమ్మోనియాతో కలిసి అమోనియం నైట్రేటు అవుతాయి. చల్లని తేమ రాత్రుల్లో నైట్రేటు రేణువుగా నిలుస్తుంది. ఎండ ఎక్కగానే మళ్లీ వాయువైపోతుంది. ఇలా తరవాత పుట్టే ద్వితీయ రేణువులను కొలిచే యంత్రం గుర్తిస్తుంది గానీ వాటి తల్లిదండ్రులెవరో చెప్పలేదు. నమూనా చెప్పగలదు.

చలికాలంలో దుర్గాపూర్, ఆసన్‌సోల్, రాణీగంజ్ బొగ్గు–ఉక్కు పట్టీ హౌరాకు గాలి వచ్చే దిశలో ఉంటుంది. దుర్గాపూర్ దాదాపు 150 కిలోమీటర్ల దూరం. గంటకు పది కిలోమీటర్ల గాలికి అక్కడి పొగ చేరడానికి 15 గంటలు పడుతుంది. దారిలో మారడానికి అది చాలినంత సమయం. ఎత్తైన పొగగొట్టాల పొగ రాత్రంతా మిశ్రమ పొరకు పైన, నేలకు తగలకుండా ప్రయాణించి, ఉదయం ఎండకు పొర పెరిగినప్పుడు ఒక్కసారిగా కిందికి కలిసిపోతుంది. ఇంకా వెనక్కి పోతే బీహార్, ఉత్తరప్రదేశ్, గంగా మైదానం మొత్తం. ఆ మైదానపు పొగ సముద్రం మీదికి పోయే ద్వారంలో దక్షిణ బెంగాల్ ఉంది. 1999లో జరిగిన ఇండోయెక్స్ ప్రయోగం, 2006లో ఇస్రో నిర్వహించిన ఐకార్బ్ యాత్ర ఆ పొగ భారత తీరం దాటి సముద్రం మీద పరుచుకోవడాన్ని కొలిచి చూపాయి. నవంబరు, డిసెంబరుల్లో హుగ్లీ, బర్ధమాన్ జిల్లాల పొలాల్లో తగలబెట్టే వరి కొయ్యకాళ్లు, నది వెంట ఇటుక బట్టీలు దీనికి తోడవుతాయి. వేసవి నైరుతి గాలిలో దిక్కు మారి కోలాఘాట్, హల్దియాల వంతు వస్తుంది. ఒక్క నగరపాలక సంస్థ తన సరిహద్దుల్లో ఎంత చేసినా మిగిలిపోయే భాగం ఉందని, దానికి రాష్ట్రాలు కలిసి పనిచేయాలని నిరూపించేది ఈ లెక్కే.

భారతదేశంలో నమూనాలు

దేశంలో ప్రజలకు అంచనాలు అందించిన తొలి వ్యవస్థ సఫర్. పుణెలోని ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల కోసం దీన్ని రూపొందించింది. తరవాత పుణె, ముంబయి, అహ్మదాబాద్‌లకు విస్తరించింది. 2018 అక్టోబరులో అదే సంస్థ డబ్ల్యూఆర్‌ఎఫ్-కెమ్ ఆధారంగా ఢిల్లీకి ముందస్తు హెచ్చరిక వ్యవస్థ ప్రారంభించింది. ఢిల్లీ మీద దాని గడి 400 మీటర్లు. ఉపగ్రహాలు చూసిన ధూళి మందాన్ని, నేల మీది కేంద్రాల కొలతలను నమూనాలో కలిపి, అంచనా మొదలయ్యే స్థితిని సరిదిద్దుతారు. భారత వాతావరణ శాఖ సిలామ్‌ను దేశమంతటికీ, ఎన్‌ఫ్యూజర్ అనే మరో ఫిన్లాండ్ నమూనాను ఢిల్లీ వీధుల స్థాయికీ నడుపుతోంది. 1875లో వాతావరణ శాఖ పుట్టింది కలకత్తాలోనే. వాయు నాణ్యతలో తొలి ఫలాలు మాత్రం రాజధానికే అందాయి.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఏ మూలం వాటా ఎంతో తేల్చే మూల విభజన అధ్యయనం చేయించిన ఆరు నగరాల్లోనూ (బెంగళూరు, చెన్నై, ఢిల్లీ, కాన్పూర్, ముంబయి, పుణె) కోల్‌కతాకు, హైదరాబాద్‌కు చోటు దొరకలేదు. కోల్‌కతా, హౌరాల కోసం పశ్చిమ బెంగాల్ కాలుష్య నియంత్రణ మండలి విడిగా జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి)తో అధ్యయనం చేయించింది. ఉద్గారాల పట్టికతో కూడిన ఆ నివేదిక 2019లో వెలువడింది. నగరాల స్థాయిలో స్వతంత్రంగా జరిగిన కృషిలో శరత్ గుత్తికొండ స్థాపించిన అర్బన్ ఎమిషన్స్ ముఖ్యమైనది. హైదరాబాద్ ఉద్గారాలు, వాటి ఆరోగ్య ప్రభావాలపై ఆయన సహరచయితగా రాసిన అధ్యయనం 2014లో అచ్చయింది. ఆ తరవాత అనేక భారతీయ నగరాలకు ఒకే పద్ధతిలో పట్టికలు, నమూనా ఫలితాలు తయారుచేసి ఎవరైనా చూసుకునేలా ఉంచారు. పట్టికలను బహిరంగంగా పెట్టడం శాస్త్రానికి ఎంత మేలో, పౌరులకూ అంతే మేలు.

ఎంతవరకు నమ్మవచ్చు

నమూనా ఫలితాన్ని కొలతతో పోల్చి చూడాలి. హౌరాలో ఘుసురి, పద్మపుకుర్, బేలూరు మఠం వద్ద గంటగంటకూ కొలిచే కేంద్రాలున్నాయి. సగటు తేడా ఎటు మొగ్గింది, గంటగంటా హెచ్చుతగ్గులు కలిసి నడిచాయా, కాలుష్యం ఉధృతంగా ఉన్న రోజులను ముందే పట్టుకుందా అన్న మూడూ విడివిడిగా చూడాలి. సగటు సరిపోయినంత మాత్రాన నమూనా బాగున్నట్టు కాదు. రెండు తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకుని కూడా సగటు కుదరవచ్చు. 2006లో బోయ్లన్, రసెల్ అనే పరిశోధకులు సూచించిన కొలబద్ద ప్రకారం రేణువుల విషయంలో భిన్న పక్షపాతం (లెక్క ఎటు మొగ్గిందో చూపే సగటు తేడా) 30 శాతం లోపు, భిన్న దోషం (ఎటు మొగ్గినా లెక్కలోకి వచ్చే సగటు తేడా) 50 శాతం లోపు ఉంటే మంచి నమూనా. 60, 75 శాతాల లోపు ఉంటే అంగీకరించదగినది. ఈ రంగంలో ఇంత వెసులుబాటు ఇవ్వవలసి వస్తుందన్న సంగతి చదువరులు గుర్తుంచుకోవడం మంచిది.

గంగా మైదానంపై నడిపిన పలు నమూనాలు చలికాలపు పీఎం 2.5ను ఉన్నదానికన్నా తక్కువ చూపాయి. చెత్త మంటలు, చలి మంటలు పట్టికలో లేకపోవడం, రాత్రి మిశ్రమ పొరను ఎక్కువ ఎత్తుగా లెక్కించడం, కర్బన వాయువుల నుంచి పుట్టే ద్వితీయ రేణువుల రసాయనం ఇంకా పూర్తిగా అంతుబట్టకపోవడం ఇందుకు కారణాలు. మరో పరిమితి గడిలోనే ఉంది. ఒక కిలోమీటరు గడిలో స్టేషను, కార్‌షెడ్డు, బస్తీ, ఫౌండ్రీ అన్నీ కలిసి ఒకే అంకె అవుతాయి. కొలిమి పక్క సందులో ఉన్న ఇల్లు ఆ అంకె కంటే ఎంతో ఎక్కువ పీలుస్తుంది. సందుల్లో గాలి సుడులను లెక్కించే వీధి స్థాయి నమూనాలున్నాయి. వాటికి ప్రతి భవనం ఎత్తు, ప్రతి మూలం ఆనవాలు కావాలి.

ఉపయోగం

నమూనాతో చేసే అతి విలువైన పని ప్రయోగం. గాలి, రసాయనం అలాగే ఉంచి ఒక రంగం పొగను పట్టికలో సున్నా చేసి మళ్లీ నడిపితే, తేడాయే ఆ రంగం వాటా. ద్వితీయ రేణువుల వల్ల ఈ లెక్క సూటిగా సాగదు. సల్ఫర్ డయాక్సైడ్‌ను తగ్గిస్తే సల్ఫేటుతో కలవకుండా మిగిలిన అమ్మోనియా నైట్రేటును పెంచవచ్చు. సగం తగ్గించినంత మాత్రాన సగం ఫలితం రాకపోవచ్చు. అందుకే వడపోత కాగితం మీద పడిన ధూళిని విశ్లేషించే పద్ధతిని, నమూనాను పక్కపక్కన పెట్టి, రెండూ ఒప్పుకున్న చోట చర్య తీసుకోవడం వివేకం.

దేశ ప్రమాణం ప్రకారం పీఎం 2.5 ఏడాది సగటు ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములు, ఒక రోజు సగటు 60 దాటకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించిన హద్దులు 5, 15. 2019 జనవరిలో మొదలైన జాతీయ శుద్ధ వాయు కార్యక్రమం పరిధిలో కోల్‌కతా, హౌరా రెండూ ఉన్నాయి. ఆ కార్యక్రమం డబ్బు నీళ్లు చల్లే యంత్రాలకు పోవాలా, కుపోలాల మార్పిడికా, చెత్త సేకరణకా అన్నది నమూనా చెప్పగలిగిన విషయమే, పట్టిక నిజమైతే. 2024 సెప్టెంబరులో పుణెలో అర్క, నోయిడాలో అరుణిక అనే కొత్త సూపర్ కంప్యూటర్లు వచ్చాయి. గణన శక్తి కొరత ఇప్పుడు మునుపటంత లేదు. కొరత ఉన్నది టికియాపారా సందుల సమాచారానికి. హౌరాలో వార్డు వారీగా కొలుములు, వాటి పోత వేళలు, బొగ్గు పొయ్యిలు, చెత్త తగలబెట్టే చోట్లు ఏటా లెక్కించి బహిరంగంగా ప్రకటించాలి. ఆ పని నగరపాలక సంస్థ, రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి కలిసి చేయగలిగినదే, వెంటనే చేయవలసినదే.